మూత్రపిండములు చెడినవారి మెదడు

మా పాఠశాల పిల్లల యిండ్లలో కొన్నింటియందు డయాలిసిస్ అను మాట ఈనాడు ఉప్పు, పప్పు అను మాటలవలె వాడుకలోనికి వచ్చినది. వారమునకు మూడు దినములు తాతగారో, తల్లియో తెల్లవారకముందే లేచి బరంపురమునకో, సరిహద్దు దాటి సోంపేటకో, పలాసకో పోయి, నాలుగు గంటలు యంత్రమునకు రక్తము నప్పగించి, పొద్దు వాలిన పిదప అలసి యిల్లు చేరుదురు. ఇది అందరును ఎరిగిన సంగతియే. అయితే ఆ యిండ్లలో మరియొక సంగతియు మెల్లమెల్లగా నడచుచుండును. దానిని బయటికి చెప్పుకొనువారు తక్కువ. లెక్కలలో ఆరితేరిన మనిషి కొట్టులో చిల్లర సరిగా లెక్కపెట్టలేకపోవును. ఉదయపు మాత్ర వేసికొంటినో లేదో యని మధ్యాహ్నము తడుముకొనును. శాంతముగా నుండు మనిషి చీటికి మాటికి కసరుకొనును. పగలెల్ల కునుకు, రాత్రియెల్ల జాగరణ. ఇంటివారు దీనికి మొండితన మనియో, చాదస్త మనియో, వయసు మీదపడిన దనియో పేరు పెట్టుదురు. కొన్ని యిండ్లలో ఇంతకన్న కటువైన మాటలును పడుచుండును. మూత్రపిండములకును మెదడునకును నడుమ గల సంబంధము తెలిసినచో ఈ మాటలలో చాల భాగము నోట రావని మా నమ్మకము.

శ్రీకాకుళము జిల్లాలోని ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా నుండు ఆ సీమలో మూత్రపిండముల వ్యాధి యేండ్ల తరబడి పాతుకొని యున్నది. మధుమేహము గాని రక్తపుపోటు గాని యెరుగని వ్యవసాయ కూలీలకు సైతము అది వచ్చుచున్నది. ఎన్ని పరిశోధనలు జరిగినను కారణ మిదియని అందరు నొప్పుకొను నిర్ణయము వెలువడలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, దానితోపాటు మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. మన గంజాం, గజపతి జిల్లాల తెలుగువారికి ఆ సీమతో తరతరముల వియ్యములు కలవు. కావున అది పైవారి బాధ యని మనము చూచి యూరకుండదగినది కాదు.

మూత్రపిండములు రెండు. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల బరువుండును. ప్రతిదానియందును రమారమి పది లక్షల సూక్ష్మమైన వడపోత సాధనములు కలవు. రెండును కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టి, అందులో ఒకటిన్నర లీటరును మాత్రము మూత్రముగా విడిచి, మిగిలినదానిని తిరిగి రక్తమునకే యిచ్చివేయును. మెదడు మన శరీరపు బరువులో 50వ వంతు మాత్రమే. అయినను గుండె పంపు రక్తములో రమారమి ఆరవ వంతు దానికే పోవును. మూత్రపిండములకు ఐదవ వంతు పోవును. చిన్న అవయవములు, పెద్ద పాళ్లు! ఈ రెండు చోట్లను సన్నని నాళములు రేయింబవళ్లు ధారాళమైన ప్రవాహమునకు ఓర్చి నిలువవలెను. కాన రక్తపుపోటో, మధుమేహమో ఒకచోటి నాళములను చెరుపునప్పుడు రెండవచోటి వానిని విడిచిపెట్టదు. మూత్రపిండములు చెడుటచేత మెదడు చెడుననుట సగము నిజము. రెండును ఒకే దెబ్బను తినుచుండుట మిగిలిన సగము.

మొదటి సగమును ముందుగా చూతము. 1821లో జెనీవా నగరమున ప్రెవో, ద్యూమా అను నిద్దరు శాస్త్రజ్ఞులు జంతువుల మూత్రపిండములను తీసివేసి, రక్తమును పరీక్షించి, అందులో యూరియా పేరుకొనుటను చూపిరి. అంతవరకు యూరియాను మూత్రపిండములే తయారు చేయునని తలచువారు కలరు. అది రక్తములోనే యుండుననియు, మూత్రపిండములు దానిని బయటికి పంపుననియు అప్పుడు తేలినది. యూరియా యొక్కటే దోషి కాదు. బయటికి పోవలసిన పదార్థములు నూరుకు పైగా రక్తములో నిలిచిపోవునని నేడు తెలిసినది. అవి పెరిగిన కొలది మెదడు మందగించును. ఏకాగ్రత తప్పును; నిద్ర తలక్రిందులగును. రోగిని చేతులు ముందుకు చాచి, అరచేతులను పైకి వంచి పట్టుమన్నచో అవి పక్షిరెక్కలవలె టపటప కొట్టుకొనును. వైద్యు లీ గురుతును చూచి జాగ్రత్త పడుదురు. చికిత్స లేకున్నచో మగత, మూర్ఛ, తుదకు స్పృహ తప్పుట సంభవించును.

ఇట్లు స్పృహ తప్పిన మనిషిని యంత్రముతో మేలుకొలిపిన మొదటి ఘట్టము చెప్పదగినది. నెదర్లండ్సు దేశమున కాంపెన్ అను చిన్న పట్టణములో విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు 1943లో, దేశము జర్మనుల యధీనములో నున్న దినములలో, కఱ్ఱబద్దల పీపాను చేయించి, మాంసపు వంటకములకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును దాని చుట్టును చుట్టి, ఉప్పునీటి తొట్టిలో త్రిప్పుచు అందులో రోగి రక్తమును పారించెను. తొలి రోగులలో దాదాపు అందరును మరణించిరి. ఆయన పట్టు విడువలేదు. 1945 సెప్టెంబరులో స్పృహ లేకుండ తెచ్చిన 67 ఏండ్ల స్త్రీ 11 గంటల చికిత్స పిమ్మట కన్ను తెరచెను. భర్తకు విడాకులిత్తునని ఆమె పలికిన తొలి పలుకుగా కోల్ఫ్ తరువాతి కాలమున చెప్పుచుండెడివాడు. నవ్వు పుట్టించు మాటయే; కాని వైద్యునికి అది శుభవార్త, ఏలన ఆ మనిషి తానెవరో, తన కోపమెవరిమీదనో మరల గుర్తెరిగెను! మెదడు చచ్చిపోలేదు, విషములలో మునిగియుండె నంతే యని ఆ పలుకు ఋజువు చేసినది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున స్క్రిబ్నర్ అను వైద్యుడు చేతి రక్తనాళములకు టెఫ్లాన్ గొట్టమును అమర్చి, అదే రోగికి పదే పదే చికిత్స చేయు మార్గమును కనుగొనెను. అప్పటినుండి డయాలిసిస్ ఏండ్ల తరబడి సాగు చికిత్స యైనది.

ఏండ్ల తరబడి సాగుటతో కొత్త చిక్కులు బయలుదేరినవి. ఒకటి సులభముగా అర్థమగునది. విద్యార్థులు ఎండుద్రాక్షను మంచినీటిలో వేసి అది ఉబ్బుట చూచియుందురు. పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపు నీరు పొరను దాటి పోవును. యంత్రము రక్తములోని యూరియాను వేగముగా తీసివేయునప్పుడు మెదడులోని యూరియా అంత వేగముగా బయటికి రాజాలదు. అప్పుడు రక్తము పలుచన, మెదడు చిక్కన. నీరు మెదడులోనికి చొచ్చి దానిని ఉబ్బజేయును. తలనొప్పి, వాంతి, కలత, ఒక్కొక్కప్పుడు మూర్ఛ వచ్చును. ఈ కారణముచేతనే కొత్త రోగికి మొదటి దినమున పూర్తిగా నాలుగు గంటలు చేయక, రెండు గంటలకే, అదియు మెల్లగా, ముగింతురు. ఆసుపత్రివారు తక్కువ చేసి పంపివేసిరని కొందరు నొచ్చుకొందురు. ఆ తక్కువ చేయుట రోగి మేలునకే.

రెండవ చిక్కు విచిత్రమైనది, భయంకరమైనది. దానిని కొంత విపులముగా చెప్పుదుము. 1972లో అమెరికాలోని డెన్వర్ నగరమున ఆల్‌ఫ్రీ అను వైద్యుడును ఆయన సహచరులును తమ డయాలిసిస్ రోగులలో కొందరి మాట తడబడుటను గూర్చి వ్రాసిరి. తొలుత డయాలిసిస్ ముగిసిన కొన్ని గంటలు మాత్రమే నత్తి వచ్చును, మరునాటికి సర్దుకొనును. కొన్ని మాసములలో అది స్థిరపడును. పిదప కాళ్లు చేతులు ఉలికిపడినట్లు కదలును, స్వభావము మారును, మతి పోవును, మూర్ఛలు వచ్చును. సాధారణముగా ఏడాది లోపలనే మరణము. రక్తపరీక్షలలో యూరియా అదుపులోనే యున్నను రోగి చనిపోవుచుండెను. యంత్రము శుభ్రపరచుచున్న రక్తములో మరేదియో విషమున్నదన్న మాట!

ఇచ్చట మన విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవలెను. డయాలిసిస్ యంత్రములో రక్తము పలుచని పొరకు ఒకవైపున, లవణములు కలిపిన నీరు రెండవవైపున ప్రవహించును. ఆ నీరు సాధారణముగా నిముషమునకు 500 మిల్లీలీటర్ల చొప్పున పారును. నాలుగు గంటలకు 120 లీటర్లు. వారమునకు మూడుమార్లు గనుక 360 లీటర్లు. దినమునకు 2 లీటర్లు త్రాగు ఆరోగ్యవంతునికి వారమునకు 14 లీటర్లే. అంతేకాదు, మనము త్రాగు నీటిలో నేదైన లోహమున్నచో ప్రేగుగోడ దానిని చాలవరకు అడ్డగించును, దాటివచ్చిన కొంచెమును మూత్రపిండములు బయటికి నెట్టివేయును. డయాలిసిస్ రోగికి ఈ రెండు కావలులును లేవు. నీటికిని రక్తమునకును నడుమ నున్నది పలుచని పొర మాత్రమే. త్రాగుటకు మేలైన నీరు కూడ ఆయన రక్తమునకు మేలైనది కాకపోవచ్చును.

ఇక ఆ లోహమేది? మన పెద్దలు వరదనీటిని తేటపరచుటకు బిందెలో ఇండుపగింజను అరగదీసి కలుపుట, పటికను త్రిప్పుట ఎరిగినదే. పట్టణములలో త్రాగునీటి సరఫరావారును ఆ పద్ధతినే పెద్దయెత్తున అవలంబింతురు. పటిక అల్యూమినియపు లవణము. కొంత అల్యూమినియము తేటనీటిలో మిగిలిపోవును. పైగా రక్తములో భాస్వరము పెరుగకుండుటకు ఆ దినములలో రోగులకు అల్యూమినియము హైడ్రాక్సైడును మందుగా పోయుచుండిరి. 1976లో ఆల్‌ఫ్రీ బృందమువారు మరణించినవారి మెదడు బూడిద పదార్థమును పరీక్షించి ప్రకటించిన లెక్క యిది: ఎండిన పదార్థము కిలోగ్రాము నందు సాధారణ వ్యక్తులకు 2.2 మిల్లీగ్రాముల అల్యూమినియము, ఇతర కారణములచే మరణించిన డయాలిసిస్ రోగులకు 6.5, ఈ మతిభ్రంశముచే మరణించినవారికి 25. బ్రిటనులో 18 కేంద్రములలోని 1,293 మంది రోగులను పరిశీలించి 1979లో ప్రకటించిన నివేదిక, నీటిలో అల్యూమినియ మెక్కువగా నున్న ఊళ్లలోనే ఈ మతిభ్రంశమును, ఎముకలు పుటుక్కున విరుగు జబ్బును అధికమని చూపినది.

కారణము తెలిసిన పిమ్మట నివారణ కష్టము కాలేదు. నీటిని సన్నని పొరల గుండ ఒత్తిడితో పంపి లవణములను వేరుచేయు యంత్రములను, అనగా నేడు ఇంటింట ఆర్.ఓ. అని పిలువబడువానికి పెద్దన్నలను, ప్రతి కేంద్రమున అమర్చిరి. అల్యూమినియపు మందును చాలవరకు మానిపించిరి. ఆ మతిభ్రంశము నేడు వైద్య విద్యార్థులు పుస్తకమున చదువుటయే గాని కంట జూచుట యరుదు. అయితే ఏమరుపాటు తగదు. 1996లో కరీబియన్ సముద్రమున కురసావ్ ద్వీపములో డయాలిసిస్ కేంద్రమునకు నీరు తెచ్చు కొత్త గొట్టమునకు లోపలివైపున సిమెంటు పూత పూసిరి. ఆ పూతనుండి అల్యూమినియము నీటిలోనికి ఊరెను. అచ్చటి 27 మంది రోగులలో 10 మంది మరణించిరి. నీటి పరీక్ష పుస్తకమును సరిగా నడుపుట యను చిన్న గుమాస్తా పనివంటి దానిపై ఎన్ని ప్రాణము లాధారపడియున్నవో దీనివలన తెలియును.

ఆ ఘోరము తొలగినను, వ్యాసారంభమున చెప్పిన మందగింపు తొలగలేదు. 2006లో అమెరికాలోని మిన్నియాపొలిస్ ప్రాంతమున 55 ఏండ్లు, అంతకు పైబడిన 338 మంది డయాలిసిస్ రోగులకు జ్ఞాపకము, ఆలోచన, మాట మున్నగువానిలో పరీక్షలు జరిపిన ఫలితములు వెలువడినవి. నూటికి 37 మందిలో తీవ్రమైన లోపము కనబడినది. ఏ లోపమును లేనివారు నూటికి 13 మంది మాత్రమే. ఇంతకన్న మమ్ము ఆశ్చర్యపరచినది మరియొక సంఖ్య: ఈ లోపమును గూర్చి వైద్యపత్రములలో ముందుగా వ్రాసియున్నది నూటికి 3 మందికి మించలేదు. వారమునకు మూడుమార్లు నర్సులు, వైద్యులు చూచుచున్న మనుష్యులలోనే ఇది ఎవరి కంటను పడలేదు!

కంటబడకపోవుటకు కారణము కలదు. ఈ లోపము ముసలితనపు మతిమరుపువలె నుండదు. చిన్ననాటి సంగతులు, బంధువుల పేర్లు, పద్యములు చెక్కుచెదరవు. తగ్గునది వేగము, కూర్పు. నాలుగు పనులను వరుస పెట్టుకొనుట, ఒక పని నడుమ రెండవదానిని తలకెక్కించుకొనుట, మందుల చీటీలో మార్పును గుర్తుంచుకొనుట కష్టమగును. కూర్చుండి మాటలాడునంతసేపు మనిషి బాగుగనే యుండును. ఆయనను పన్నెండు రకముల మాత్రలు వేళ తప్పక వేసికొను మన్నప్పుడు బయటపడును.

కారణములు పెక్కు. లోగడ చెప్పిన చిన్న నాళముల చేటు ఒకటి. రక్తహీనత, నిద్రలేమి, మనోవ్యాకులత ఇతరములు. ఈ మూడింటికిని మందులు, మార్గములు కలవు. డయాలిసిస్ కూడ ఒక కారణము. నాలుగు గంటలలో రెండు మూడు లీటర్ల నీటిని రక్తమునుండి తీయునప్పుడు రక్తపుపోటు పడిపోవచ్చును. నెదర్లండ్సులో 65 ఏండ్లు, అంతకు పైబడిన 12 మందిని డయాలిసిస్ నడుమ పరీక్షించి 2018లో ప్రకటించినదానిని బట్టి మెదడునకు పోవు రక్తము సగటున నూటికి 10 పాళ్లు తగ్గినది. చూచినది కొద్దిమందినే; అయినను దిక్కు స్పష్టము. యంత్రములోని ద్రవమును రోగి ఒంటి వేడికన్న అర డిగ్రీ చల్లగా నుంచినచో మెదడులోని తెల్లని పదార్థమునకు చేటు తగ్గినదని ఇంగ్లండులో 2015లో చూపిరి. కాని 2022లో కెనడావారు పదిహేను వేలకు పైగా రోగులతో జరిపిన పెద్ద పరిశోధనలో చల్లని ద్రవమువలన గుండెజబ్బులు గాని మరణములు గాని తగ్గలేదు. రోగులు చలికి బాధపడిరి. కావున దీనిని సర్వరోగనివారిణి యనరాదు. ఇంతకన్న నిశ్చయమైనది మన వంటింటనే యున్నది. ఉప్పు పెరిగినచో దాహము పెరుగును; దాహము పెరిగినచో ఒంట నీరు చేరును; చేరిన నీటినంతయు తరువాతి దినమున యంత్రము లాగవలెను. ఆదివారపు ఆవకాయ, ఎండుచేప సోమవారము మెదడుమీద దెబ్బ తీయునని మేము పిల్లలకు చెప్పుచుందుము. మూత్రపిండ మార్పిడి జరిగినవారిలో జ్ఞాపకము, ఏకాగ్రత చాలవరకు మెరుగుపడుటను పలుచోట్ల గమనించిరి. చేటులో కొంత భాగము తిరుగబడునదే యని దీనివలన ధైర్యము కలుగును.

ఇంటివారికి కొన్ని సంగతులు పనికివచ్చును. మెదడు చురుకు డయాలిసిస్ జరుగుచున్నప్పుడు అన్నిటికన్న తక్కువ. దానికి కొంచెము ముందుగాని, మరునాడు గాని హెచ్చు. కనుక పొలము కాగితములమీద సంతకము, బ్యాంకు పని, కొత్త మందుల వివరణ యంత్రము ప్రక్కను పెట్టుకొనరాదు. మాత్రలను వారపు గదుల పెట్టెలో సర్దియిచ్చుట ఎనిమిదవ తరగతి పిల్లవాడైనను చేయగలిగిన పని. గాబాపెంటిన్, బాక్లోఫెన్, ఎసైక్లోవిర్ వంటి మందులు మూత్రపిండములు లేనివారి ఒంట పేరుకొని కలత, మగత పుట్టించును. నడుమునొప్పికని మందుల దుకాణమున అడిగి తెచ్చుకొనరాదు. మాట హఠాత్తుగా ముద్దగా వచ్చినను, మూతి వంకరపోయినను, ఒకవైపు చేయి పడిపోయినను అది పక్షవాతము కావచ్చును. మరునాటి డయాలిసిస్ వరకు ఆగక అప్పుడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మరియొకటి మన ప్రాంతమునకు ప్రత్యేకము. బడి గేటు ముందర ఉప్పుకారము చల్లి అమ్ము ఐదంచుల పులుపు పండును, అడ్డముగా కోసిన నక్షత్రమువలె నుండుదానిని, ఒడియాలో కరమంగా యందురు. మనకు అది పండు. మూత్రపిండములు చెడినవారికి విషము. అందులోని విషపదార్థమును బ్రెజిలు శాస్త్రజ్ఞులు 2013లో వేరుచేసి కారంబాక్సిన్ అని పేరు పెట్టిరి. మూత్రపిండములు దానిని బయటికి పంపలేనప్పుడు అది మెదడునకు చేరి, ఎక్కిళ్లతో మొదలై, కలత, మూర్ఛ, మరణము వరకు తెచ్చును. పిల్లలు ప్రేమతో తాతగారికి దాచి తేవలసిన పండు కాదది. పొరపాటున తిని ఎక్కిళ్లు పట్టినచో తిన్నసంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. వెంటనే డయాలిసిస్ చేసి బ్రదికించిన సందర్భములు కలవు.

కడపటిది భాష సంగతి. మతి ఎట్లున్నదో చూచుటకు వైద్యులు వారము పేరడుగుదురు. నూటినుండి ఏడు చొప్పున తీసివేయుమందురు. నిముషములో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కింతురు. మన ఆసుపత్రులలో ఈ ప్రశ్నలు ఒడియాలోనో, ఇంగ్లీషులోనో వచ్చును. అంగడిలో ఒడియా చక్కగా మాటలాడు మనిషి కూడ అలసిన మెదడుతో ఆ భాషలో తీసివేతలు చేయజాలడు. అప్పుడు లేని లోపము ఉన్నట్లు కనబడును. కొన్నిచోట్ల దీనికి విరుద్ధముగా, భాష రాదు పొమ్మని ఉన్న లోపమునే విడిచిపెట్టుదురు. ఇట్టి పరీక్షలు తెలుగులోను సిద్ధముగా కలవు. ఏడవ ఎక్కమును తెలుగులో వల్లించి పెరిగిన తాతగారిని తెలుగులోనే అడుగుడని, అవసరమైనచో ప్రక్కనుండి మేము చెప్పెద మని, వెంటవచ్చిన పిల్లలు వైద్యుని కోరవచ్చును. అప్పుడు జవాబులను మాత్రము తాతగారినే చెప్పనీయవలెను.